పరుపు వేసిన అరుగు

“ఇరవై అంగుళాల ఎత్తా? అలా ఎవరూ చేయించుకోరు మేడమ్, చూడ్డానికి బాగోదు” అని ఆ సోఫాల షోరూము మేనేజరు నవ్వాడు. ఆయన నవ్వకుండా ఉండి ఉంటే నేను మర్యాదగా ఇంకో షాపుకి వెళ్ళేదాన్ని. నవ్వాడు కాబట్టి, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి, “అయితే నేనే చేసుకుంటాను లెండి” అని బయటికి వచ్చేశాను.

కారులో కూర్చున్నాక మా ఆయన మెల్లిగా అడిగారు. “చేసుకోవడం అంటే... ఎవరి చేత?”

“నా చేతుల్తో” అన్నాను.

ఆయన సీటు బెల్టు పెట్టుకుని కారు తీశారు. పెళ్ళై పదిహేడేళ్ళయింది, ఎప్పుడు మాట్లాడకూడదో ఆయనకి బాగా తెలుసు.

సంగతేమిటంటే, మా అత్తగారికి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయింది. బాగానే అయింది. కర్ర లేకుండా నడుస్తున్నారు, లిఫ్టు దాకా వెళ్ళి వస్తున్నారు. డాక్టరుగారు గట్టిగా చెప్పింది ఒకటే: నేల మీద కూర్చోకూడదు, పల్లంగా ఉండే సోఫాలో కూరుకుపోకూడదు, ఎత్తుగా గట్టిగా ఉండి పక్కన చెయ్యి ఊని లేవగలిగే దాంట్లోనే కూర్చోవాలి. వినడానికి చిన్న మాటే. మా ఇంటిని మాత్రం తలకిందులు చేసేసింది.

ఎందుకంటే అంతకుముందు మా అత్తగారి చోటు హాల్లో, టీవీకి ఎదురుగా, నేల మీద. ఒళ్ళో చేట, పక్కన గోంగూర కట్టలు, కళ్ళు సీరియల్ మీద, నోరు నా మీద. “ఏమే, పాలు పొంగుతున్నాయి చూడు.” “ఏమే, ఆ ఫోను పక్కన పడేసి తిను.” “ఏమే, మీ కడప వాళ్ళకి పులుపంటే అంత భయమేమే?” ఆవిడది గుంటూరు పక్క, ఆ నోటికి మైకు అక్కర్లేదు. నేను ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో మీటింగులో మాట్లాడదామని మ్యూట్ తీస్తే, నాకంటే ముందు ఆవిడే వినపడేవారు. ఒకసారి అవతల నుంచి ఎవరో ‘ఏమే’ అంటే ఏమిటని అడిగారు. ఇంట్లో నా పేరు అదే అని చెప్పాను.

నేనూ మెత్తని మనిషినేం కాను. మాటకి మాట అప్పజెప్పేదాన్ని. మా ఆయన, మా అమ్మాయి మధ్యలో కూర్చుని బఠాణీలు ఒలుస్తూ, అటొకసారి ఇటొకసారి తల తిప్పి చూస్తూ ఉండేవాళ్ళు. రోజూ ఇదే తంతు. ఒక్క పూటైనా ఈ ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే ఎంత బాగుండు అని పైకే అనేసిన రోజులున్నాయి.

ఆ పూట రానే వచ్చింది. ఆపరేషన్ తర్వాత ఆవిడకి ప్లాస్టిక్ కుర్చీ వేసి, కాళ్ళ కింద చెక్క దిమ్మలు పెట్టి ఎత్తు చేశాం. నాలుగు రోజులు కూర్చున్నారు. ఐదో రోజు నుంచి తన గదిలో మంచం మీదే ఉండిపోయారు. భోజనం గదిలోకే, సీరియల్ ఫోన్లోనే. గోంగూర కట్టలు ఫ్రిజ్‌లో వడిలిపోయాయి. అన్నిటికంటే నన్ను హడలగొట్టింది ఇంకొకటి ఉంది. ఆవిడ నాతో మర్యాదగా మాట్లాడటం మొదలుపెట్టారు. “కాసిని మంచినీళ్ళు ఇస్తావా అమ్మా?” “నీకు పనుంటే తర్వాతే చూడమ్మా, తొందరేం లేదు.” మూడు నెలలు ‘ఏమే’ అన్న మాటే లేదు.

నాకు భయం వేసింది. మోకాళ్ళు రోజురోజుకీ బాగుపడుతున్నాయి, మనిషి మాత్రం రోజురోజుకీ ఆ గదిలోకి ముడుచుకుపోతున్నారు. తిట్టినప్పుడు విసుక్కున్నదాన్నే, ఇప్పుడు ఆఫీసు నుంచి వచ్చి తలుపు తియ్యగానే ఆ గొంతు వినపడకపోతే నాకు చెప్పులు విప్పబుద్ధి కాలేదు. ఆవిణ్ణి ఎలాగైనా మళ్ళీ హాల్లోకి తెచ్చుకోవాలి. ఆ ఇరవై అంగుళాల కుర్చీ అందుకు.

నా ఉద్యోగం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత మీరు నవ్వుకోవడానికి పనికొస్తుంది. మా ఆఫీసు రాయదుర్గంలో. నా పని, మా సాఫ్ట్‌వేరు కొనుక్కునే వాళ్ళతో కూర్చుని వాళ్ళకి ఏం కావాలో అడిగి తెలుసుకుని, ప్రోగ్రాములు రాసేవాళ్ళకి అర్థమయ్యేలా రాసివ్వడం. కొత్తగా చేరినవాళ్ళకి శిక్షణ కూడా నేనే ఇస్తాను. “అడిగితే ఎవరైనా పద్ధతిగా చెబుతారు. ఆ పద్ధతి నమ్మకండి. వాళ్ళు పని చేసుకుంటుంటే పక్కన కూర్చుని చూడండి” అని ఉపన్యాసం దంచుతాను. దానికి స్లైడ్లు కూడా ఉన్నాయి.

అంతటి మహానుభావురాలిని, ఒక శనివారం పొద్దున టేపు పట్టుకుని మా అత్తగారి గదిలోకి వెళ్ళాను. కుర్చీ చేస్తున్నట్టు చెప్పకుండా ఒకేసారి చూపించి ఆశ్చర్యపరచాలని నా సరదా. అందుకని ఫిజియోథెరపీ ఆవిడ కొలతలు అడిగిందని అబద్ధం చెప్పాను. మా అత్తగారు పమిట సర్దుకున్నారు. మొహం తుడుచుకున్నారు. ప్లాస్టిక్ కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి, రెండు పాదాలూ దగ్గరగా ఆనించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

“నవ్వాలా అమ్మా?” అని అడిగారు.

“ఫోటో కాదండీ, నవ్వొద్దులెండి” అన్నాను. మోకాలి మడత నుంచి నేల దాకా, వీపు నుంచి మోకాలి దాకా, మోచెయ్యి ఎత్తు, అన్నీ కొలిచి ఫోన్లో రాసుకున్నాను. అంత చక్కగా కదలకుండా కూర్చుని కొలతలిచ్చిన మనిషిని నేను చూడలేదు.

చందానగర్ టింబర్ డిపోలో చట్రానికి చెక్క కోయించాను. తర్వాత బజారులో లోపలి సందులో సోఫాలు బాగుచేసే దుకాణానికి వెళ్ళాను, నవారు, ఫోమ్, గుడ్డ కొనడానికి. దుకాణదారు యాభై దాటిన మనిషి. నోట్లో నాలుగు మేకులు పెట్టుకుని ఎవరిదో కుర్చీకి రెక్సిన్ కొడుతున్నారు. నేను అడిగినవన్నీ విని మేకులు చేతిలోకి తీసుకున్నారు.

“ఎవరు చేస్తరు మేడమ్?”

“నేనే.”

“ఏంది మేడమ్, గిట్లంటరు? మీరు గూడ చేసుడు షురూ చేస్తే ఇగ మేమేం చెయ్యాలె?”

“నేను కంప్యూటరు పని మానెయ్యను లెండి. మీకేం పోటీ రాను. కాస్త ఎలాగో చెప్పండి.”

ఆయన నన్ను ఎగాదిగా చూసి, స్టూలు ఒకటి నా వైపు తోశారు. నవారు ఎలా బిగించాలో, ఫోమ్ అంచులు ఎలా చెక్కాలో చేసి చూపించారు. వచ్చేటప్పుడు మాత్రం వేలు చూపించి మరీ చెప్పారు. “ఫికర్ చెయ్యకుండ్రి, వస్తది. ఒక్కటి యాద్ పెట్టుకోండ్రి. గుడ్డ గుంజేటప్పుడు నడుమ నుంచి షురూ చెయ్యాలె. ముందట ఒక్క పిన్ను, ఎనక ఒక్క పిన్ను, గటు ఒకటి, ఇటు ఒకటి. మూలలు ఆఖరుకు. మూల కాడ షురూ చేసిన్రనుకో, పరేషాన్ అయితరు.”

మూల దగ్గరే మొదలుపెట్టాను. చెప్పింది మరిచిపోయి కాదు, మూల కొట్టేస్తే గుడ్డ కదలకుండా ఉంటుందని నా తెలివి. చివరికి వచ్చేసరికి గుడ్డ మీది పూలన్నీ ఒక పక్కకి ఒరిగిపోయాయి, గాలివానలో తోటలా. పిన్నులన్నీ స్క్రూడ్రైవరుతో పీకుతూ కూర్చున్నాను. మా ఆయన పక్కన నిలబడి, “ఈ పూలు ఇలాగే బాగున్నాయేమో” అని ధైర్యం చేశారు. నా చేతిలో స్క్రూడ్రైవరు చూసి టీ పెట్టడానికి వెళ్ళిపోయారు.

స్టేప్లర్ గన్ చప్పుడు మామూలుగా ఉండదు. రెండో వారానికి అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో, ఎవరింట్లోనో తుపాకులు పేలుతున్నాయని మెసేజి వచ్చింది. మా ఆయన దండం పెడుతున్న బొమ్మ ఒకటి పెట్టి, “సోఫా అండీ, క్షమించండి” అని రాశారు. మా అత్తగారు కూడా గదిలోంచి అడిగారు. “ఏంటమ్మా ఆ చప్పుడు?”

“ఆఫీసు పనండీ” అన్నాను.

“పాపం, ఎంత కష్టం తల్లీ” అన్నారు. మామూలుగా అయితే ‘ఆఫీసులో మేకులు కొట్టిస్తున్నారేమే నీ చేత’ అనాల్సిన మనిషి. ఆ జాలి మాట నాకు చెంపదెబ్బలా తగిలింది.

నాలుగు శని ఆదివారాలకి కుర్చీ పూర్తయింది. నేను చేసింది కాబట్టి చెప్పడం లేదు గానీ, బాగా వచ్చింది. ఇరవై అంగుళాల ఎత్తు, గట్టి సీటు, రెండు పక్కలా చేతులు, పూలు నిటారుగా. హాల్లో టీవీకి ఎదురుగా పెట్టి, మా అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాం. ఆవిడ చూశారు, తడిమారు, కూర్చున్నారు. పాదాలు నేలకి సరిగ్గా ఆనాయి, మోచేతులు చేతుల మీద సరిగ్గా వాలాయి. దర్జీ కుట్టినట్టు కుదిరింది.

“చాలా బాగుందమ్మా. ఎంత ఓపిక నీకు” అన్నారు.

మేం ముగ్గురం చప్పట్లు కొట్టి, ఆవిడ ఎదురుగా నేల మీద చతికిలబడ్డాం. సీరియల్ పెట్టాం. నేను బీరకాయలు తెచ్చుకుని చెక్కు తీయడం మొదలుపెట్టాను, ఆవిడ ఏదో ఒకటి అంటారని కావాలనే మందంగా తీశాను. ఆవిడ పైనుంచి చూశారు. చూసి ఊరుకున్నారు. మొదటి ప్రకటనలు రాగానే, “కాసేపు నడుం వాలుస్తానమ్మా” అని లేచి గదిలోకి వెళ్ళిపోయారు.

మర్నాడూ అంతే. మూడో రోజు అసలు రాలేదు.

నాకు తిక్క రేగింది. తిన్నగా గదిలోకి వెళ్ళాను. కోపం వస్తే నాకు కడప మాట తన్నుకొస్తుంది. “అత్తయ్యా, నిజం చెప్పండి. ఏం తక్కువైంది ఆ కుర్చీకి? యాల కూర్చోరు? నాలుగు వారాలు నా వేళ్ళు చూడండి ఎట్లా అయినాయో!”

“నీ కుర్చీకేమమ్మా, లక్షణంగా ఉంది.”

“లక్షణంగా ఉంటే మరి కూర్చోవాల కదా!”

ఆవిడ దుప్పటి అంచు సర్దారు. “కూర్చుంటే, ఇక లేచి వెళ్ళొస్తానని చెప్పాలేమో అనిపిస్తోందమ్మా. మీరంతా కింద కూర్చుని కూరలు తరుక్కుంటారు. నేను పైన చేతులు కట్టుకుని కూర్చుంటాను. ఎవరింటికో చుట్టపు చూపుగా వచ్చి కాఫీ కోసం ఎదురు చూస్తున్నట్టుంటుంది. చుట్టం నోరు చేసుకుంటుందా ఎక్కడైనా?” అన్నారు. “నా ఇంట్లో నేనే చుట్టాన్నైపోయాను” అని అటు తిరిగి పడుకున్నారు.

తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వచ్చేశాను. నేను చప్పుడు కాకుండా తలుపు వెయ్యడమంటే అది చిన్న విషయం కాదు, కావాలంటే మా ఆయన్ని అడగండి.

మర్నాడు ఆఫీసుకి వెళ్తుంటే కొత్తగూడ దగ్గర క్యాబు ఆగిపోయింది. ఫోన్లో పాత ఫోటోలు చూస్తూ కూర్చున్నాను. మా అమ్మాయి పుట్టినరోజు. క్రికెట్ మ్యాచ్ చూస్తున్న రోజు. వినాయక చవితికి ఉండ్రాళ్ళు చేస్తున్న రోజు. మా ఆడపడుచు పిల్లలతో వచ్చిన రోజు. ఒక్కొక్కటే జరుపుతుంటే నాకు కళ్ళు విచ్చుకున్నాయి. ప్రతి ఫోటోలోనూ అందరం నేల మీదే ఉన్నాం. వెనకాల మా పాత సోఫా ఖాళీగా ఉంది. ఒకవేళ ఖాళీగా లేకపోతే దాని మీద ఆరిన బట్టల గుట్ట ఉంది. మా అత్తగారు దానికి వీపు ఆనించి, ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి, మోచెయ్యి సోఫా మీద పడేసి, చేట ఒళ్ళో పెట్టుకుని రాజ్యమేలుతున్నారు. పదిహేడేళ్ళలో మా ఇంటివాళ్ళు ఆ సోఫా మీద కూర్చున్న ఫోటో ఒక్కటి లేదు. బయటివాళ్ళు వచ్చినప్పుడు తీసినవి మాత్రం ఉన్నాయి. మా ఆయన ఆఫీసువాళ్ళు, పెళ్ళి పిలుపుకి వచ్చినవాళ్ళు. అందరూ వెన్ను నిటారుగా, పాదాలు దగ్గరగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని సోఫా మీద కూర్చుని ఉన్నారు.

టేపు పట్టుకున్న రోజు మా అత్తగారు కూర్చున్నది కూడా సరిగ్గా అలాగే. టేపు చూడగానే ఆవిడ మర్యాదకి కూర్చున్నారు. నేను ఆ మర్యాదని అంగుళాలతో సహా కొలుచుకొచ్చి, ఆవిడకి చుట్టాల కుర్చీ చేసిపెట్టాను. అడిగితే ఎవరైనా పద్ధతిగా చెబుతారు, ఆ పద్ధతి నమ్మకండి అని ఊరందరికీ స్లైడ్లు చూపించిన మనిషిని! క్యాబులో ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. డ్రైవరు అద్దంలోంచి ఒకసారి చూసి, రేడియో చప్పుడు తగ్గించాడు.

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను. “ఆవిడ నేల మీదికి దిగలేరు. అందుకని నేలనే ఆవిడ దగ్గరికి లేపుదాం.”

ఆయన గ్లాసు కింద పెట్టారు. “అద్దె ఇల్లు. ఓనరు ఒప్పుకోడేమో” అన్నారు.

చందానగర్ దుకాణంలో మాత్రం సగం చెప్పకుండానే అర్థమైపోయింది. “అర్రే, తఖ్తు అనుండ్రి మేడమ్!” అని ఆయన తొడ చరుచుకున్నారు. “మా పాత ఇంట్ల ఉండె, మంచమంత పెద్ద చెక్క బల్ల. మా అమ్మీ ఆడనే కూసోని బొంతలు కుట్టేది. తినుడు ఆడనే, కొట్లాడుడు ఆడనే, పండుడు ఆడనే. ఇప్పుడు ఎవరు అడగరు, అందరికి సోఫానే కావాలె.” తర్వాత పని మాట చెప్పారు. “దీనికి నవారు వద్దు. మీరు ఎక్కి కూసుంటే నవారు దిగుతది, అమ్మ పక్కకు ఒరుగుతది. సీదా చెక్క మీద గట్టి ఫోమ్ జర పల్చగ వేసి, మీద దూది పరువుండ్రి.”

ఈసారి రహస్యాల్లేవు. “అత్తయ్యా, మీరు లేకుండా ఒక్క మేకు కొట్టను” అని ఆవిణ్ణి హాల్లోకి తీసుకొచ్చి, నా చుట్టాల కుర్చీలోనే కూర్చోబెట్టాను. టేపు బయటికి తియ్యలేదు. పాత రోజుల్లో లాగే నేల మీద ఎవరి చోట్లో వాళ్ళం కూర్చున్నాం. మా అత్తగారి చోట్లో ఒక దిండు పెట్టాం. దిండుకీ నాకూ మధ్య చేట.

“ఇంకొంచెం జరుగమ్మా. నువ్వు బాసింపట్టు వేసుకుంటే నీ మోకాలు చేటకి తగులుతుంది” అన్నారు కుర్చీలోంచి. “మావాడికి ఇంకొంచెం చోటు కావాలి. కూర్చున్నంతసేపు ఉండడు, పడుకుంటాడు.” మా అమ్మాయి ముగ్గుపిండి తెచ్చి మా అందరి చుట్టూ, దిండు చుట్టూ, చేట చుట్టూ గీత గీసింది. మేం లేచి చూస్తే నేల మీద మా ఇల్లంతా ఉంది. ఆ గీతే మా తఖ్తు కొలత. తర్వాతే టేపు తీసి, ఆ ముగ్గు పొడవూ వెడల్పూ కొలిచి టింబరు డిపోకి రాసుకెళ్ళాను. ఒక చివర మా అత్తగారు కాళ్ళు కిందికి పెట్టుకునే చోట మాత్రం ఒక గట్టి చెయ్యి, వెనకాల ఆనుకోవడానికి ఒక లావు బాలీసు.

దూది కొనక్కర్లేదన్నారు ఆవిడ. అటక మీద తన పాత పరుపు ఉంది, దాన్ని విప్పమన్నారు. విప్పాం. ఏళ్ళ తరబడి అణిగిపోయి అట్టలు కట్టిన దూది. అందరం కూర్చుని వేళ్ళతో రేకులు రేకులుగా విడదీశాం. హాలంతా తెల్లటి గుట్టలు లేచాయి. మధ్యాహ్నం ఎండకి చెమట్లు కారుతున్నాయి. మా ఆయన వచ్చి, పాపం మా మీద ప్రేమతోనే, ఫ్యాను వేశారు.

తర్వాత ఏం జరిగిందో చెప్పడం కష్టం. ఎవరికీ ఎవరూ కనపడలేదు. దూది గోడలకి, టీవీకి, దేవుడి పటాలకి, మా అమ్మాయి జుట్టుకి. అందులోంచి ఒక గొంతు లేచింది. “ఒరేయ్! ఫ్యాను ఆపరా! బుద్ధుందా నీకు? ఆపు ముందు!”

మా ఆయన కంగారులో స్విచ్చి కోసం గోడంతా తడిమారు. ఫ్యాను ఆగింది. దూది నెమ్మదిగా కిందికి దిగింది. మా అత్తగారి కనుబొమ్మల మీద తెల్లగా పేరుకుని ఉంది. మేం అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. మా ఆయనైతే తిట్లు తిన్నందుకు మొహం వెలిగిపోయి, అమ్మ తల మీది దూది ఏరుతూ నిలబడ్డారు. ఆవిడ నా వైపు తిరిగారు. నేను ఆశగా చూశాను. “నీకు కళ్ళల్లో పడలేదు కదమ్మా?” అని అడిగారు.

నాకు చచ్చేంత అసూయ వేసింది. ఆయనకి తిట్లు దొరికాయి, నాకింకా ఆ మర్యాదే.

గుడ్డ లాగే రోజున నలుగురం నాలుగు వైపులా ఉన్నాం. ఈసారి నడుమ నుంచే మొదలుపెట్టాను. ముందొకటి, వెనకొకటి, అటొకటి, ఇటొకటి. మరకలు కనపడకూడదని ముదురు ఆకుపచ్చ గుడ్డ తీసుకున్నాం. మా అత్తగారు ఒక కొస పట్టుకుని లాగుతూ, కొట్టిన చోటల్లా అరచేత్తో చరిచి చూశారు. “ఇక్కడ వదులుంది, పీకు” అని పీకించారు. మూలలు ఆఖరున మడిచి కొట్టాను. మడత మీద మడత బుద్ధిగా కూర్చుంది.

హాల్లో గోడ వారగా తఖ్తు వేశాం. పాత సోఫాని వాచ్‌మన్ గదికి ఇచ్చేశాం. మా అత్తగారు తన చివర కూర్చున్నారు. కాళ్ళు కిందికి వేసి, బాలీసుకి వాలి, మోచెయ్యి పక్కన పడేశారు. అరచేత్తో పరుపు మీద రెండు దెబ్బలు వేశారు. “మా పుట్టింటి అరుగు ఇంతే ఎత్తుండేది. నువ్వు దానికి పరుపు వేశావు, అంతే తేడా” అన్నారు. మేం ముగ్గురం కాళ్ళు తుడుచుకుని ఎక్కాం. మా ఆయన ఎక్కీ ఎక్కగానే పడుకున్నారు. ఆ రోజు నుంచి ఆవిడ భోజనం కూడా హాల్లోనే. సీరియల్ మళ్ళీ టీవీలోకి వచ్చింది. నాకు సంతోషంగానే ఉంది. ఒక్క ముల్లు మాత్రం ఉండిపోయింది. నేను ఇంత చేశానని ఆవిడకి నా మీద గౌరవం పెరిగింది. “కాళ్ళు నొప్పులేమోనమ్మా, కాసేపు పడుకో” అనేవారు. ఆ గౌరవం ఎలా వదిలించాలో నాకు తెలియలేదు.

రెండు వారాల తర్వాత, ఒక ఆదివారం పొద్దున్న, చందానగర్ దుకాణదారు తఖ్తు చూడ్డానికి వచ్చారు. నేనే పిలిచాను. మా అత్తగారు గోంగూర గిల్లుతున్నారు, పక్కన చేటకి ఇవతల నేను. ఆయన తఖ్తు చుట్టూ తిరిగి మూలలు వేలితో నొక్కి చూశారు. “కూసోండ్రి, కూసోండ్రి” అని మమ్మల్ని లేవనివ్వకుండా, వెళ్ళి ఎదురుగా నా చుట్టాల కుర్చీలో కూర్చున్నారు. వెన్ను నిటారు. పాదాలు దగ్గరగా. చేతులు ఒళ్ళో. ఆయన కొలతలతోనే చేసినట్టు అచ్చంగా సరిపోయింది.

“మంచిగ చేసిన్రు మేడమ్. మూలలు మస్తున్నయి” అన్నారు.

అంతే, నాకు పట్టపగ్గాల్లేవు. నడుమ నుంచి ఎలా మొదలుపెట్టానో, మడత ఎలా తిప్పానో, దూది ఎన్ని పొరలు పరిచానో చేతులు ఊపుతూ చెప్పుకుపోతున్నాను. చెబుతూనే గోంగూర గిల్లి చేటలోకి విసురుతున్నాను. ఆయన తల ఊపుతున్నారు.

“ఏమే!”

నేను ఆగిపోయాను.

“ఇంటికొచ్చిన మనిషికి గుక్కెడు టీ ఇవ్వకుండా ఏమిటే ఆ సోది? లే, లే ముందు. ఇదిగో, గోంగూరంతా కాడలతో పడేశావు. ఎన్నాళ్ళు చెప్పాలే నీకు? పదిహేడేళ్ళు చాల్లేదా?”

మా ఆయన పడుకున్నవారల్లా ఒక కన్ను తెరిచి నన్ను చూశారు. గబగబా దిగి వంటింట్లోకి వెళ్ళి, టీ గిన్నె పొయ్యి మీద పెట్టి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. సాకు చెప్పడానికి చేతిలో ఉల్లిపాయలు కూడా లేవు. ఆ గొంతు హాల్లోంచి వస్తూనే ఉంది, పాలు చూసుకోమని, అల్లం వెయ్యమని, మంచి కప్పులు తియ్యమని.

మొహం కడుక్కుని టీ తీసుకెళ్ళాను. దుకాణదారు ఒక గుక్క తాగి, “మంచిగుంది మేడమ్” అన్నారు, మర్యాదగా.

మా అత్తగారు ఒక గుక్క తాగారు. “ఏమే, పంచదారేదీ?” అన్నారు.